ప్రభుత్వరంగ పరిమాణం, ఆర్థిక సామర్థ్యం: కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయవాడలో ప్రభుత్వ పద్దుల తనిఖీ చేసే వృత్తిలో ఉన్నందున, ప్రభుత్వం ఎంత చిన్నదైతే ఆర్థిక వ్యవస్థ అంత చురుగ్గా సాగుతుందన్న వాదనను బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ వింటుంటాను. దానికి పూర్తిగా ఎదురు వాదన కూడా అంతే నమ్మకంతో వినవస్తుంది. లోతుగా చూస్తే రెండూ నిలవవు.

అపోహ: మన దేశంలో ప్రభుత్వోద్యోగులు మితిమీరి ఉన్నారు.

వాస్తవం: 2012 నాటి అధికారిక లెక్కల ప్రకారం కేంద్రం, రాష్ట్రాలు, స్థానిక సంస్థలు, ప్రభుత్వరంగ సంస్థలు అన్నింటిలో కలిపి ఉద్యోగులు సుమారు 1.76 కోట్లు, 40 కోట్లు దాటిన శ్రామికుల్లో ఇది ఐదు శాతం కూడా కాదు. నార్వేలో ఈ వాటా దాదాపు 30 శాతం, జపాన్‌లో పది శాతం లోపు. రెండూ సంపన్న దేశాలే. అలాగని నార్వేను చూపి, ఉద్యోగాలు పెంచితే సంపద దానంతట అదే వస్తుందనడమూ తప్పే. ఆదాయం పెరిగేకొద్దీ ప్రభుత్వ వ్యయం పెరుగుతుందని జర్మన్ ఆర్థికవేత్త అడాల్ఫ్ వాగ్నర్ 19వ శతాబ్దంలోనే గమనించాడు కనుక, ఇక్కడ కారణమేదో ఫలితమేదో విడదీయడం సులభం కాదు.

అపోహ: పనులను పొరుగు సేవలకు (ఔట్‌సోర్సింగ్‌కు) అప్పగిస్తే ప్రభుత్వ పరిమాణం తగ్గినట్టే.

వాస్తవం: గుంటూరు సర్వజనాసుపత్రి వైద్యుల జీతాలు ఖజానా లెక్కల్లో జీతాలకని ఉన్న 010 పద్దులో కనబడతాయి. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకం కింద అదే శస్త్రచికిత్స ప్రైవేటు ఆసుపత్రిలో జరిగితే ఆ ఖర్చు వేరే పద్దులోకి వెళుతుంది. చెల్లించేది మాత్రం అదే ఖజానా. ఉద్యోగుల సంఖ్యను బట్టి చూస్తే ప్రభుత్వం చిన్నదైంది, వ్యయాన్ని బట్టి చూస్తే కాలేదు. అదే పనిని తక్కువ జీతానికి, ఉద్యోగ భద్రత లేకుండా చేయించుకోవడాన్ని సామర్థ్యమని పిలవడం నాకు న్యాయంగా తోచదు.

అపోహ: ప్రభుత్వ సేవల ఉత్పాదకత పెరగదని జాతీయాదాయ లెక్కలే రుజువు చేస్తున్నాయి.

వాస్తవం: అసలు చిక్కు ఇక్కడే ఉంది. అంగట్లో అమ్మే సరుకుకు ధర ఉంటుంది గాని బడిలో చెప్పే పాఠానికి, పోలీసు గస్తీకి ధర లేదు. అందుచేత గణకులు వాటి విలువను వాటికైన ఖర్చుతోనే, అంటే జీతాలు, కొనుగోళ్లు, తరుగుదల కలిపి లెక్కగడతారు. ఈ పద్ధతిలో పాఠం బాగా చెప్పినా, నాసిరకంగా చెప్పినా విలువ ఒక్కటే. ఉత్పాదకత పెరగదన్నది కొలిచే తీరులోనే ఇమిడి ఉన్న ఊహ తప్ప, కొలిచి తెలుసుకున్న ఫలితం కాదు. 1998లో ఉమ్మడి రాష్ట్రపు రిజిస్ట్రేషన్ కార్యాలయాలకు కంప్యూటర్లు రావడం మొదలయ్యాక, అంతకుముందు రోజుల తరబడి తిరిగితే గాని దొరకని ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలను, తాకట్టులను చూపే ధ్రువపత్రం) నిమిషాల్లో చేతికి వచ్చింది. జనానికి మిగిలిన ఆ పనిదినాలు ఈ లెక్కలో ఎక్కడా కనబడవు. బ్రిటన్‌లో 2005 నాటి అట్కిన్సన్ సమీక్ష ఈ లోపాన్ని సరిదిద్దడానికే, ఖర్చుకు బదులు సేవలనే నేరుగా కొలవాలని సూచించింది. మన దగ్గరా ఆ దిశగా గట్టి కృషి జరగాలని నా కోరిక.

అపోహ: ప్రభుత్వ యాజమాన్యమంటే నష్టమే.

వాస్తవం: ఎయిర్ ఇండియా నష్టాల్లో కూరుకుపోయి 2022లో టాటాల చేతికి వెళ్లింది, సింగపూర్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థకు మెజారిటీ వాటా ఉన్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ ప్రపంచంలోని మేటి సంస్థల్లో ఒకటి. మన పక్కనున్న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ థర్మల్ విద్యుత్ కేంద్రం, స్థాపిత సామర్థ్యాన్ని వినియోగించుకోవడంలో ఏళ్ల తరబడి దేశంలోని మెరుగైన కేంద్రాల సరసన నిలిచింది. పోటీ, నిర్వాహకుల స్వేచ్ఛ, నష్టాన్ని ఖజానా పూడుస్తుందన్న భరోసా లేకపోవడం, ఇవే తేడా తెస్తాయి.

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిరప బస్తాలు) అమ్మేదీ కొనేదీ ప్రైవేటు వ్యక్తులే. తూకాన్ని, వేలాన్ని, చెల్లింపులను పర్యవేక్షించేది మాత్రం చట్టబద్ధమైన మార్కెట్ కమిటీ. సిబ్బంది కొరతతో ఆ పర్యవేక్షణ సడలితే, మిగిలే జీతాల కన్నా రైతు పోగొట్టుకునేదే ఎక్కువ కావచ్చు. ఆ కమిటీకి ఎందరు కావాలన్నది సీజనులో దిగే సరుకును బట్టి, వేలానికీ చెల్లింపుకూ మధ్య పట్టే రోజులను బట్టి తేల్చవలసిందే గాని, రాష్ట్ర స్థూలోత్పత్తిలో ప్రభుత్వ వ్యయ శాతాన్ని బట్టి తేలేది కాదు.