చంద్రుడి చీకటి బిలాలు: రాడార్ పట్టినది మంచునా, రాళ్లనా?

చంద్రుడి భ్రమణాక్షం వంపు ఒకటిన్నర డిగ్రీ మాత్రమే కావడంతో ధ్రువాల దగ్గరి కొన్ని ఉల్కాపాత బిలాల అడుగుకు సూర్యకాంతి ఎన్నడూ చేరదు. ఆ చీకట్లో, ఆ చలిలో నీరు మంచుగా నిలిచి ఉండవచ్చని శాస్త్రవేత్తలు 1961లోనే ఊహించారు. మామూలు కెమెరాకు చిక్కని ఆ చోట్లను చూడడానికి, తన తరంగాలను తానే పంపి వాటి ప్రతిధ్వనిని చదువుకునే రాడార్‌ను ఆశ్రయించారు.

1946 జనవరి 10న న్యూజెర్సీలో అమెరికా సైనిక ఇంజనీర్లు చంద్రుడి మీదికి రాడార్ తరంగాలు పంపి, సుమారు రెండున్నర సెకన్ల తర్వాత వాటి ప్రతిధ్వనిని అందుకోవడంతో ఈ మార్గం తెరుచుకుంది. మంచు గురించిన అసలు వాదం మాత్రం 1990లలో మొదలైంది. సొంత రాడార్ లేని అమెరికా అంతరిక్ష నౌక క్లెమెంటైన్ 1994లో తన రేడియో ప్రసారిణినే చంద్రుడి వైపు తిప్పింది. భూమి మీద అందిన ప్రతిధ్వనులను బట్టి దక్షిణ ధ్రువం దగ్గర మంచు ఉండవచ్చని 1996లో ప్రకటించారు. మరుసటి ఏడాదే, ప్యూర్టోరికోలోని భారీ రేడియో దూరదర్శిని అరెసిబో రాడార్‌తో పరిశీలించినవారు, ఎండ పడే చోట్ల కూడా అలాంటి ప్రతిధ్వనులే వస్తున్నాయని చూపించారు.

చిక్కంతా ఒక నిష్పత్తి దగ్గరే ఉంది. వృత్తాకారంగా ధ్రువణం చెందిన, అంటే ముందుకు సాగుతూ కంపన దిశ గుండ్రంగా తిరిగే తరంగం నునుపైన నేలను తాకి తిరిగివచ్చేటప్పుడు దాని తిరుగుడు దిశ తారుమారవుతుంది. మందమైన, శుభ్రమైన మంచులోకి చొరబడి పలుమార్లు చెదిరినప్పుడు, పంపిన దిశలోనే తిరిగే భాగం ఎక్కువగా వెనక్కి వస్తుంది; ఈ భాగానికి, దిశ తారుమారైన భాగానికి మధ్య ఉన్నదే ఆ నిష్పత్తి. అయితే గుట్టలుగా పడి ఉన్న బండరాళ్ల మధ్య ఎగిరిపడిన తరంగమూ అలాగే తిరిగి వస్తుంది.

2008 అక్టోబర్ 22న శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-1లోని అమెరికా రాడార్ పరికరం మినీ-సార్ ఈ వాదానికి కొత్త ఆధారం తెచ్చింది. ఉత్తర ధ్రువం దగ్గర, 2 నుంచి 15 కిలోమీటర్ల వ్యాసం గల నలభైకి పైగా బిలాల లోపల ఈ నిష్పత్తి ఎక్కువగా, అంచు బయట తక్కువగా కనిపించింది. కొత్త బిలమైతే రాళ్లు లోపలా బయటా చెల్లాచెదురుగా ఉండాలి కాబట్టి, లోపల మాత్రమే ఉన్నది మంచేనని ఆ బృందం వాదించి, కనీసం 60 కోట్ల టన్నులని 2010లో అంచనా వేసింది. ఆ అంచనాకు ఆధారం మంచు కనీసం రెండు మీటర్ల మందం ఉంటుందన్న భావన అని గుర్తుంచుకోవాలి.

దీనికి వచ్చిన ప్రతివాదం నాకు బలమైనదిగా తోస్తుంది. బయట పడిన రాళ్లు సూక్ష్మ ఉల్కల తాకిడికి కాలక్రమంలో నుగ్గై ధూళిలో కలిసిపోతాయి. నిటారైన లోపలి గోడల మీద మాత్రం ధూళి జారిపోతూ, కొత్త రాళ్లు బయటపడుతూనే ఉంటాయి. కనుక నడివయసు బిలం మంచు లేకపోయినా మంచున్న బిలంలా కనిపించగలదు.

అయినంత మాత్రాన నీరు లేదని అర్థం కాదు. 2009 అక్టోబర్‌లో నాసా ఎల్‌క్రాస్ ప్రయోగంలో దక్షిణ ధ్రువం దగ్గరి కేబియస్ బిలాన్ని రాకెట్ భాగంతో ఢీకొట్టించినప్పుడు లేచిన ధూళిలో నీరు స్పష్టంగా దొరికింది; కక్ష్యలోని రాడార్‌కు అదే చోట మందపాటి మంచు జాడ కనిపించలేదు. మట్టిలో రేణువులుగా కలిసి ఉన్న మంచు ఈ నిష్పత్తిని పెద్దగా మార్చదు.

2019లో వెళ్లిన చంద్రయాన్-2 కక్ష్యా నౌకలో, అహ్మదాబాద్‌లోని అంతరిక్ష అనువర్తన కేంద్రం రూపొందించిన రాడార్ ఎల్, ఎస్ అనే రెండు పౌనఃపున్య పట్టీల్లో పనిచేస్తుంది. ఎల్ పట్టీలోని పొడవైన తరంగాలు నేలలోకి మరింత లోతుగా దిగుతాయి. పంపిన, అందుకున్న ధ్రువణాల అన్ని జతలనూ అది కొలవగలదు కాబట్టి, ఒకే నిష్పత్తి మీద ఆధారపడకుండా రాతి గరుకుదనాన్ని, లోపలి పొరల నుంచి వచ్చే చెదురుపాటును విడదీసి చూసే వీలు కలిగింది.