మీ తాత పెద్ద ఉద్యోగం చేయలేదు

చిరంజీవులకు,

మీ అవ్వ ఆశీస్సులు. ఫోనులో చెబుదామంటే మీరు ఊఁ కొడుతూనే ఇంకేదో చూస్తుంటారని నాకు తెలుసు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. తీరిగ్గా చదువుకోండి.

మీ తాత దినాల రోజు మీలో అందరికన్నా చిన్నది నా కొంగు పట్టుకుని అడిగింది: "తాత పెద్ద ఉద్యోగం చేశాడా అవ్వా? ఇంతమంది ఎందుకొచ్చారు?" ఆ హడావుడిలో జవాబు చెప్పే వీలు లేకపోయింది. మైకు అందుకున్న ప్రతివాడూ "మంచివాడు, దేవుడిలాంటివాడు" అంటూ పోయాడు. వింటుంటే నాకు ఒళ్లు మండింది. మీ తాత, అంటే మా అన్న, దేవుడేమీ కాదు. కోపిష్టి, మొండివాడు. ఎవరితోనైనా పేచీ వస్తే ఆ పూట అన్నం సహించేది కాదు గానీ, అన్న మాట మాత్రం వెనక్కి తీసుకునేవాడు కాదు. మీరు ఆ మొండి మనిషిని ఎరగాలనే ఈ ఉత్తరం.

పెద్ద ఉద్యోగం కాదమ్మా. కేసీ కాలువ మీద లస్కరు. లస్కరంటే కాలువకు కావలివాడు. తనకు అప్పగించిన గట్టు పొడవునా రోజూ నడవాలి. ఎండ్రకాయలు తొలిచిన బొక్కల్లోంచి నీళ్లు కారుతుంటే అవి గండిగా మారకముందే మట్టి కొట్టి పూడ్చాలి. తూముల షట్టర్లు పైవాళ్లు చెప్పినంత ఎత్తాలి, చెప్పిన వేళకు దించాలి. చెప్పుకోవడానికి ఇంతే పని.

కేసీ అంటే కర్నూలు, కడప. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు కాలువలోకి మళ్లి, కర్నూలు, నంద్యాల వైపు భూములు తడుపుకుంటూ కడప దాకా 300 కిలోమీటర్లకు పైగా వస్తాయి. దారిలో కుందూ ఏటిని వాడుకుంటారు, పెన్నను వాడుకుంటారు. రాజోలి దగ్గర కుందూకు, ఆదినిమ్మాయపల్లె దగ్గర పెన్నకు ఆనకట్టలున్నది అందుకే. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన కాలువ ఇది. పంటలకు నీళ్లు అమ్మడమే కాదు, పడవలు నడిపి సరుకు రవాణాలోనూ సంపాదించాలని వాళ్ల ఆలోచన. గిట్టుబాటు కాలేదు. 1882లో ప్రభుత్వం కొనేసింది. "ఎవరో తెల్లవాళ్లు నష్టపోయిన పుణ్యాన మనం వరన్నం తింటున్నాం" అని మా అన్న నవ్వేవాడు. మా నాయన చిన్నతనంలో ఇంట్లో రోజూ సంగటే. వరన్నం పండగనాడే.

ఇక్కడ ఒక చిక్కుంది, జాగ్రత్తగా చదవండి. కాలువ మొదట్లో ఉన్న రైతు షట్టరు నాలుగు వేళ్లు ఎక్కువ ఎత్తుకున్నాడనుకోండి, అతని మడి నిండుతుంది, ఎవరికీ ఏమీ కనిపించదు. అక్కడెక్కడో చివరి ఊళ్లో పసుపు చేను వాడిపోతుంది. ఆ రైతు ఎవరిని అడగాలి? పైన ఎంతమంది ఉన్నారో, ఎవరు ఎత్తుకున్నారో అతనికేం తెలుసు? తిట్టుకుంటూ ఇంటికి పోతాడు. అందుకే వంతులు పెడతారు, ఏ పిల్లకాలువకు ఏ రోజు, ఎన్ని గంటలు అని. ఆ వంతు రాత్రిపూట కూడా నిలవాలంటే తూము దగ్గర ఒక మొండివాడు కూర్చోవాలి.

మా పొలం పిల్లకాలువ మొదట్లోనే ఉండేది. ఒక ఏడు వరి పొట్టకు వచ్చిన సమయంలో వాన ముఖం చాటేసింది, కాలువలో నీళ్లు సన్నబడ్డాయి. ఒక్క రాత్రి తూము ఎత్తమని మా నాయన అడిగాడు.

"మన వంతు గురువారం కదా నాయనా" అన్నాడు అన్న.

"నేను నీకు నాయననా, రైతునా?"

"ఇంట్లో నాయనవు. తూము దగ్గర రైతువు."

కోతలయ్యేదాకా మా నాయన ఆయనతో మాట్లాడలేదు. ఒకే వసారాలో ఒకరు తూర్పుకు, ఒకరు పడమరకు తిరిగి అన్నం తినేవాళ్లు. మా అమ్మ మధ్యలో నిలబడి, "పప్పు కావాలేమో అడుగు" అని ఇద్దరి మాటలూ మోసేది. ఆ ఏడు గింజ సగం తాలు పోయింది. నాకు చేయిస్తామన్న కమ్మలు ఆగిపోయాయి. అన్న మీద నాకు పీకల దాకా కోపం. తర్వాత తన జీతంతో చేయించి ఉంటాడు అనుకుంటున్నారేమో. లేదు. పెళ్లినాడు గానీ నా చెవులకు బంగారం ఎక్కలేదు.

కోపమున్నా రాత్రిళ్లు సంగటి, ఊరిబిండి మూటగట్టుకుని వెళ్లేది నేనే. తోడుగా మా చిన్నాన్న వచ్చేవాడు. అన్న దగ్గర ఒక వేపకర్ర ఉండేది, దానికి కత్తితో వరసగా గాట్లు పెట్టుకున్నాడు. దీపం వెలిగిస్తే తను ఎక్కడున్నదీ దొంగగా తూము ఎత్తేవాళ్లకు తెలిసిపోతుందని చీకట్లోనే కూర్చునేవాడు. కర్రను నీళ్లలో నిలువుగా ముంచి, బయటికి తీసి, తడి ఎక్కడిదాకా ఉందో బొటనవేలితో తడుముతూ గాట్లు లెక్కపెట్టేవాడు. ఒక గాటు తగ్గితే పైన ఎవరో తూము ముట్టుకున్నట్టు. సంగటి ముద్ద అలాగే వదిలేసి గట్టు మీద పరుగు.

ఆయన నుదుటి మీది మచ్చ సంగతి అడిగితే చింతచెట్టు మీద నుంచి పడ్డానని మీకు చెప్పాడు కదూ. అబద్ధం. అలా పరుగెత్తిన ఒక రాత్రి ఎవరో పార కామతో కొట్టారు. ఎవరో ఆయనకు తెలుసు. మాకు చెప్పలేదు. చెబితే మనవాళ్లు ఊరుకోరు, ఊరు రెండు వర్గాలవుతుంది. మన జిల్లాలో అలాంటివి ఎక్కడిదాకా పోయేవో మీ పెద్దవాళ్లను అడగండి. చింతచెట్టు మీదికి నెట్టేసి ఆ పగను అక్కడితో తెంచేశాడు. ఆయన చేసిన పనుల్లో నేను అన్నిటికన్నా మెచ్చుకునేది ఇదే.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది. అప్పటికి ఆయన రిటైరయ్యాడు. టీవీలో మునిగిన వీధులు చూసి మేమంతా అయ్యో అయ్యో అంటుంటే, ఆయన ముందు ఆ ఊరి జనం గురించి అడిగాడు, వెంటనే "సుంకేసుల చూపించరేం?" అని టీవీని కసిరాడు. అనుమానించినట్టే బ్యారేజీ దెబ్బతింది. వారం పాటు మనిషి మనిషిలో లేడు.

కోపం దరిచేరని చోటు ఒకటుండేది. చెక్కభజన. కాళ్లకు గజ్జెలు కట్టి, రెండు చేతుల్లో చెక్కలు పట్టి గుండ్రంగా తిరుగుతూ గురువు పాట అందుకుంటే, పొద్దున తిట్టిన రైతు పక్కనే అడుగు కలిపి ఎగిరేవాడు. ఒంటిమిట్టలో రాములవారి కల్యాణం రాత్రిపూట వెన్నెల్లో జరుగుతుంది. మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లి, నిద్రపోతున్న పిల్లల్ని గిల్లి లేపి మరీ చూపించేవాడు. మీ అమ్మలకు ఆ గిల్లుడు గుర్తుండే ఉంటుంది.

చివరి రోజుల గురించి రాయను. అవి మీరు చూశారు.

దినాలకు ట్రాక్టర్లలో దిగినవాళ్లంతా ఎవరని కదా చిన్నదాని ప్రశ్న. చుట్టాలు కారు. కాలువ చివరి ఊళ్లవాళ్లు. వాళ్లలో చాలామంది ఆయనతో నాలుగు మాటలు కూడా మాట్లాడి ఉండరు. వంతు రోజు తమ మడికి నీళ్లు వచ్చేవి, అంతే వాళ్లకు తెలిసింది.

ఆయన చెక్కలు మా వదిన నాకిచ్చింది. నేర్చుకుంటామని మీలో ఎవరు ముందుకొస్తే వాళ్లవి. ఊరికే గోడకు తగిలించడానికైతే ఇవ్వను. వేసవి సెలవులకు రండి, తూము దగ్గరికి తీసుకెళ్తాను. అప్పుడు కాలువ ఎండి ఉంటుంది కాబట్టి కిందికి దిగి షట్టరు చూడవచ్చు. ఇప్పుడు మాత్రం పెద్దవాళ్లు లేకుండా అటువైపు వెళ్లకండి. నీళ్లు నిండుగా పారుతున్నాయి, మెట్లకు పాచి పట్టింది, మీలో ఒక్కరికీ ఈత రాదు.

మీ అవ్వ