ఎర్రబడ్డ ఉప్పు మడిలో ఎవరున్నారు?

చెన్నై ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద కేళంబాక్కం దాకా వెళ్లి కోవళం వైపు తిరిగితే రోడ్డు పక్కన ఉప్పు మడులు. మొన్న ఎండల్లో చినగంజాం నుంచి వచ్చిన మావయ్య అక్కడ కారు ఆపించాడు. ఒక మడిలో నీళ్లు పలచటి గులాబీ రంగులో ఉన్నాయి. "నీళ్లు ఎర్రబడ్డాయంటే ఉప్పు దిగబోతోందిరా" అన్నాడు. ఉప్పు పండించిన ఊరివాడు, రంగు చూసి చెప్పేస్తాడు.

అలాంటి ఎరుపులో పెద్ద వాటా హాలోబాక్టీరియం లాంటి సూక్ష్మజీవులది. పేరు అలా ఉందిగానీ అది బాక్టీరియా కాదు, ఆర్కియా అనే వేరే వంశం. సముద్రం కన్నా ఏడెనిమిది రెట్లు ఉప్పగా ఉన్న నీళ్లలో హాయిగా బతుకుతుంది, మంచినీళ్లలో వేస్తే పగిలిపోతుంది.

దానికి కళ్లు లేవు. అయినా రంగులు తెలుసు. మన కంట్లో వెలుతురును పట్టే రెటినాల్ అనే అణువే దాని పైపొరలోని ప్రోటీన్లలోనూ ఉంది. వేడెక్కిన ఉప్పునీళ్లలో ఆక్సిజన్ కరిగేది తక్కువ. అప్పుడది బాక్టీరియోరొడాప్సిన్ అనే ఊదా రంగు ప్రోటీన్ తయారుచేసుకుని, ఎండతోనే శక్తి పుట్టిస్తుంది. ఈ ప్రోటీన్ గురించి ఓస్టర్‌హెల్ట్, స్టోకెనియస్ అనే శాస్త్రవేత్తలు 1971లో ప్రకటించారు.

మరి మంచి వెలుతురు ఎటుందో ఎలా తెలుస్తుంది? ఆ పని సెన్సరీ రొడాప్సిన్-1 అనే ఇంకో ప్రోటీన్‌ది. నారింజ రంగు కాంతి, అంటే తరంగదైర్ఘ్యం 587 నానోమీటర్లకు అటూఇటూగా ఉండేది, తగిలితే దాని ఆకారం కాసేపు మారుతుంది. "ముందుకే పో" అని కబురు. ఈదుతూ మధ్యమధ్యలో వెనక్కి తిరిగే జీవి, ఆ తిరగడం వాయిదా వేస్తుంది. అసలు తమాషా ఇప్పుడే. మారిన ఆకారంలో ఉండగానే 373 నానోమీటర్ల దగ్గరి అతినీలలోహిత కాంతి తగిలిందా, కబురు తిరగబడుతుంది. వెంటనే రివర్స్! రెండు రంగులకు రెండు పరికరాలు పెట్టుకోకుండా ఒక్కదాంతోనే సరిపెట్టుకున్న ఈ పొదుపు నాకు భలే నచ్చింది.

ఆక్సిజన్ దండిగా ఉంటే ఎండ అక్కర్లేదు. అప్పుడు సెన్సరీ రొడాప్సిన్-2 డ్యూటీ ఎక్కుతుంది. నీలిరంగు కాంతి కనబడితే చాలు, జీవి నీడకు పారిపోతుంది.

ఇదంతా విని మావయ్య అడిగాడు: "అయితే ఇవి ఉప్పులోకీ వస్తాయా?"

వస్తాయి. ఉప్పు పలుకు కట్టేటప్పుడు లోపల చిక్కుకున్న నీటి బిందువుల్లో కొన్ని బతికే ఉంటాయి.

"ఉప్పుచేపల మీద ఒక్కోసారి ఎర్రగా పడుతుందే, అది వీటి పనేనంట్రా?"

వీటిదే.