ఏ ఇంటర్‌ప్రెటర్‌లోకి? 2003లో అడగకుండా వదిలేసిన ప్రశ్న

మిర్యాలగూడ రైస్ మిల్లులకు వేబ్రిడ్జి (లారీ కాంటా) సాఫ్ట్‌వేర్ చేసే ఒక చిన్న టీమ్ పైథాన్ ప్రోగ్రామింగ్ భాష 3.14 వెర్షన్‌కు మారింది. మారాక మిల్లుకో సబ్‌ఇంటర్‌ప్రెటర్ (పైథాన్ కోడ్‌ను నడిపే ఇంటర్‌ప్రెటర్‌కు ఒకే ప్రాసెస్‌లో ఉండే విడి కాపీ) పెట్టి, అన్నిటినీ ఒకే ప్రాసెస్‌లో నడపడం మొదలుపెట్టింది. ధాన్యం లారీలు వరసగా కాంటా ఎక్కే వేళకు ఆ ప్రాసెస్ ఉన్నట్టుండి కూలిపోతోంది. ఎక్సెప్షన్ ఉండదు, ట్రేస్‌బ్యాక్ (తప్పు ఎక్కడ జరిగిందో చూపే జాబితా) ఉండదు, సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తాకకూడని మెమరీని తాకినందుకు ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాసెస్‌ను ఆపేయడం) ఒక్కటే. దాంతో నల్గొండ, మహబూబ్‌నగర్ ఐటీ టవర్లలో పైథాన్ మీద పనిచేసే వాళ్ల మధ్య పాత గొడవ మళ్లీ రాజుకుంది. తప్పు కాంటా మెషీన్ కంపెనీ ఇచ్చిన సీ లైబ్రరీదా, దాన్ని వాడుకున్న టీమ్‌దా, పైథాన్‌దా?

గిల్ అంటే గ్లోబల్ ఇంటర్‌ప్రెటర్ లాక్. దాన్ని పట్టుకున్న థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పని వరస) ఒక్కటే ఆ క్షణంలో పైథాన్ కోడ్ నడుపుతుంది, అందుకే పైథాన్ లోపలి లెక్కలు చెడవు. దాన్ని తీసేయాలని 1996లో గ్రెగ్ స్టెయిన్ ప్యాచ్ రాయడం, ఒకే థ్రెడ్‌తో నడిచే ప్రోగ్రాములు బాగా నెమ్మదించడంతో అది పక్కకు పోవడం చాలాసార్లు చెప్పుకున్న కథే. నేటి గొడవకు వేరు అక్కడ లేదు, 2003లో ఉంది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో మార్క్ హ్యామండ్ పెప్ 311 (పెప్ అంటే పైథాన్‌లో మార్పు కోరుతూ రాసే ప్రతిపాదన) రాశారు. విండోస్‌లో పైథాన్ బాగా నడవడానికి ఎంతో చేసిన మనిషి ఆయన. ఆయన ముందున్న సమస్య నిజమైనదే. ఒక సీ లైబ్రరీ తన సొంత థ్రెడ్ పుట్టించుకుంటుంది. ఆ థ్రెడ్ గురించి పైథాన్‌కు ఏమీ తెలియదు. కొంతసేపటికి అదే థ్రెడ్ పైథాన్ ఫంక్షన్‌ను పిలవాల్సి వస్తుంది. అందుకు థ్రెడ్ స్టేట్ (ఆ థ్రెడ్ ఏ ఇంటర్‌ప్రెటర్‌లో ఉందో పైథాన్ రాసుకునే రికార్డు) తయారు చేయాలి, గిల్ తీసుకోవాలి, పని అయ్యాక రెండూ వదలాలి. అప్పటిదాకా ఎక్స్‌టెన్షన్ (పైథాన్‌కు జోడించే సీ కోడ్) రాసే ప్రతివాళ్లూ దీన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు చేసుకునేవాళ్లు. పెప్ 311 దాన్ని రెండు ఫంక్షన్లకు కుదించింది: పైగిల్‌స్టేట్ ఎన్ష్యూర్, పైగిల్‌స్టేట్ రిలీజ్. ముందు ఎన్ష్యూర్ పిలువు, పని చేసుకో, తర్వాత రిలీజ్ పిలువు. అంతే. అదే ఏడాది పైథాన్ 2.3లో ఇవి వచ్చేశాయి.

ఇంత సులువు ఎలా అయింది? ఎన్ష్యూర్‌కు ఆర్గ్యుమెంట్ ఏదీ ఇవ్వక్కర్లేదు. ఏ ఇంటర్‌ప్రెటర్‌లోకి వెళ్లాలి అని అది అడగదు. పిలిచిన థ్రెడ్‌కు ముందే స్టేట్ ఉంటే దాన్ని వాడుతుంది, లేకపోతే మెయిన్ ఇంటర్‌ప్రెటర్‌లో (ప్రాసెస్‌లో మొదట పుట్టేది) కొత్తది తయారు చేస్తుంది. ఇంటి నంబర్ లేని ఉత్తరాలన్నీ సర్పంచ్ ఇంట్లో వేసినట్టన్నమాట. ఊళ్లో ఒకే ఇల్లు ఉంటే ఇబ్బంది లేదు.

కానీ పైథాన్‌లో అప్పటికే ఒక ఇల్లు కాదు. సబ్‌ఇంటర్‌ప్రెటర్లు 1.5 వెర్షన్ నుంచే ఉన్నాయి. ఈ సంగతి తెలియక జరిగిన పొరపాటు కూడా కాదిది. ఒకే ఇంటర్‌ప్రెటర్ వాడే ఎక్స్‌టెన్షన్లే తమ లక్ష్యమని, ఎక్కువ ఇంటర్‌ప్రెటర్ల జోలికి పోవడం లేదని పెప్ 311లోనే రాసి ఉంది. అవి అవసరమైన ఎక్స్‌టెన్షన్ ఒక్కటీ కనిపించలేదని, అసలు ఆ సదుపాయం పైథాన్‌లో సరిగా పనిచేస్తుందో లేదో తెలియదని కూడా అందులోనే ఉంది. ఆనాటి పరిస్థితిని బట్టి చూస్తే అది నిజాయితీగా పెట్టిన పరిమితి. కానీ ఆ పరిమితి పెప్‌లో, డాక్యుమెంటేషన్‌లో ఒక నోట్‌గా మిగిలిపోయింది, ఫంక్షన్లేమో ప్రపంచమంతా పాకాయి. పైథాన్ లాంటి కోడ్‌ను సీలోకి మార్చే సైథాన్‌లో 'విత్ గిల్' అని రాస్తే వెనుక పిలిచేది ఎన్ష్యూర్‌నే. పైథాన్‌తోపాటే వచ్చి, సీ లైబ్రరీలను పిలవనిచ్చే సీటైప్స్‌లో కాల్‌బ్యాక్ (లైబ్రరీ తిరిగి పిలవడానికి మనం ఇచ్చే ఫంక్షన్) పెడితే అక్కడా ఎన్ష్యూరే.

దెబ్బ మొదట తగిలింది వెబ్ సర్వర్లకు. 2007లో గ్రాహమ్ డంపుల్టన్ తెచ్చిన మాడ్ డబ్ల్యూఎస్‌జీఐ, అపాచీ వెబ్ సర్వర్ లోపల ఒక్కో పైథాన్ అప్లికేషన్‌ను ఒక్కో సబ్‌ఇంటర్‌ప్రెటర్‌లో నడిపేది. అప్పట్లో గిల్ అందరికీ కలిపి ఒక్కటే. ఒక థ్రెడ్ సబ్‌ఇంటర్‌ప్రెటర్‌లో గిల్ పట్టుకునే ఉంటుంది. మధ్యలో ఏదో ఎక్స్‌టెన్షన్ ఎన్ష్యూర్‌ను పిలుస్తుంది. ఆ థ్రెడ్‌కు గుర్తున్న పాత స్టేట్ వేరే ఇంటర్‌ప్రెటర్‌ది కాబట్టి, గిల్ తన దగ్గర లేదనుకుని మళ్లీ అడుగుతుంది. తన చేతిలో ఉన్న లాక్ కోసం తానే ఎదురుచూస్తూ ఉండిపోతుంది. సర్వర్ బతికే ఉన్నట్టు కనిపిస్తుంది, రిక్వెస్ట్ మాత్రం తిరిగి రాదు. నమ్‌పై లాంటి లైబ్రరీలు వాడే సైట్లకు అప్పుడు దొరికిన మందు ఒక్కటే: అప్లికేషన్ గ్రూప్ సెట్టింగ్‌ను గ్లోబల్‌గా మార్చి, అప్లికేషన్‌ను మెయిన్ ఇంటర్‌ప్రెటర్‌కు తెచ్చేయడం. చాలామంది ఆ లైన్ ఎందుకో తెలియకుండానే ఏళ్ల తరబడి కాన్ఫిగ్ ఫైళ్లలోకి కాపీ చేసుకుంటూ వచ్చారు. సమస్య అలా మూతపడింది. మూత తీయక తప్పని పరిస్థితి 2023 దాకా రాలేదు.

నల్గొండలో ఐటీ టవర్ మొదలైన 2023 అక్టోబర్‌లోనే పైథాన్ 3.12 కూడా వచ్చింది. అందులో ఎరిక్ స్నో రాసిన పెప్ 684 ప్రకారం ఒక్కో ఇంటర్‌ప్రెటర్‌కు సొంత గిల్ పెట్టుకునే వీలు కలిగింది. ఏళ్ల తరబడి సాగిన పని అది. అప్పటికి ఆ దారి సీ ఏపీఐలోనే (సీ కోడ్ నుంచి పైథాన్‌ను వాడుకునే ఫంక్షన్లలోనే) ఉండేది. 2025 అక్టోబర్‌లో వచ్చిన 3.14లో కంకరెంట్ ఇంటర్‌ప్రెటర్స్ మాడ్యూల్‌తో మామూలు పైథాన్ కోడ్‌కూ అందింది. మన కాంటా టీమ్ సబ్‌ఇంటర్‌ప్రెటర్ల వైపు రావడానికి కారణం ఇదే. మల్టీకోర్ మెషీన్‌లో ఒకే ప్రాసెస్, మిల్లుల పని నిజంగా పక్కపక్కనే నడుస్తుంది. ఎవరికైనా నచ్చుతుంది.

ఇక కూలిపోవడం సంగతి. కాంటా లైబ్రరీ సీరియల్ పోర్ట్ చదవడానికి తన సొంత థ్రెడ్ నడుపుతుంది. బరువు నిలకడకు రాగానే, టీమ్ సీటైప్స్ ద్వారా ఇచ్చిన కాల్‌బ్యాక్‌ను పిలుస్తుంది. సీటైప్స్ ఎన్ష్యూర్ అంటుంది. అది కొత్త థ్రెడ్, స్టేట్ లేదు. కాబట్టి మెయిన్ ఇంటర్‌ప్రెటర్ స్టేట్, మెయిన్ గిల్ చేతికొస్తాయి. పిలవాల్సిన ఫంక్షనేమో మిల్లు ఇంటర్‌ప్రెటర్‌ది. అదే క్షణంలో మిల్లు ఇంటర్‌ప్రెటర్‌లోని థ్రెడ్ తన గిల్ పట్టుకుని అవే ఆబ్జెక్టుల రిఫరెన్స్ కౌంట్ (ఆబ్జెక్టును ఎన్ని చోట్ల వాడుతున్నారో చెప్పే లెక్క, సున్నా అయితే దాని మెమరీ ఖాళీ అవుతుంది) మారుస్తుంటుంది. రెండు థ్రెడ్లూ లాక్ పట్టుకునే ఉన్నాయి, కానీ ఆ లాకులు వేర్వేరు. కౌంట్ తప్పుతుంది. ఇంకా వాడుకలో ఉన్న ఆబ్జెక్టు మెమరీ ఖాళీ అయిపోతుంది. లారీలు తక్కువున్న రోజు ఏమీ కాదు, వరస పెరిగితే కూలుతుంది. పాత రోజుల్లో ఇదే తప్పుకు సర్వర్ ఆగిపోయేది, ఇప్పుడు మెమరీ పాడవుతోంది. ఆగిపోతే కనీసం తెలుస్తుంది, కాబట్టి ఇదే ఎక్కువ ప్రమాదం.

పైథాన్ రన్‌టైమ్‌ను సమర్థించే వాళ్ల వాదన చిన్నదే. ఎన్ష్యూర్‌ను ఎక్కువ ఇంటర్‌ప్రెటర్లతో కలిపి వాడొద్దని డాక్యుమెంటేషన్ ఎప్పటి నుంచో చెబుతోంది. కావాలంటే ఇంటర్‌ప్రెటర్ పాయింటర్ (మెమరీలో దాని అడ్రస్) దాచుకుని, పైథ్రెడ్‌స్టేట్ న్యూ పిలిచి, ఎవరి స్టేట్ వాళ్లు చేసుకోవచ్చు. అదీగాక 3.12లో పాక్షికంగా సరిచేశారు, ముందే స్టేట్ ఉన్న థ్రెడ్ ఇప్పుడు దారి తప్పదు.

లైబ్రరీల వైపు వాదన దీనికన్నా బరువైనది. కాంటా కంపెనీ వాళ్లు పైథాన్ హెడర్ ఫైల్ కూడా ఇన్‌క్లూడ్ చేయలేదు. టీమ్ వాళ్లు ఎన్ష్యూర్ అన్న పేరు కోడ్‌లో ఎక్కడా రాయలేదు. దాన్ని పిలిచింది పైథాన్ సొంత మాడ్యూల్. ఇక పాయింటర్ దాచుకోమనే సలహా సగమే పనిచేస్తుంది. థ్రెడ్ తిరిగొచ్చేసరికి ఆ ఇంటర్‌ప్రెటర్ మూతపడి ఉంటే, చేతిలో ఉన్నది చచ్చిన మెమరీ అడ్రస్. అది బతికుందో లేదో భద్రంగా అడిగే దారి 3.14 దాకా పబ్లిక్ ఏపీఐలో లేదు. ఇరవై ఏళ్లు అందరి చేతా ఒకే ఫంక్షన్ వాడించి, ఇప్పుడు నోట్ చదవలేదని వాడినవాళ్లను అనడం న్యాయం కాదు.

2025లో పీటర్ బియర్మా రాసిన పెప్ 788 పట్టుకున్నది సరిగ్గా ఈ ముడినే. ఏ ఇంటర్‌ప్రెటర్ కావాలో ముందే తీసుకుని, అది మూతపడకుండా పట్టి ఉంచి, ఆ తర్వాతే థ్రెడ్‌ను లోపలికి పంపాలని అది ప్రతిపాదిస్తుంది. 2003లో వదిలేసిన ఆర్గ్యుమెంట్ దీంతో తిరిగొస్తుంది. అయితే ఇప్పటికే చెలామణిలో ఉన్న లైబ్రరీలు మారడానికి ఏళ్లు పడుతుంది. గిల్ లేని పైథాన్ బిల్డ్ వచ్చేసింది కదా, సబ్‌ఇంటర్‌ప్రెటర్లు ఎందుకనే వాళ్లూ ఉన్నారు. కానీ మిల్లుల డేటా ఒకదానికొకటి తగలకుండా విడిగా ఉండాలన్న అవసరాన్ని ఆ బిల్డ్ తీర్చదు.

కాంటా టీమ్ ప్రస్తుతానికి కాల్‌బ్యాక్ తీసేసింది. బరువు వచ్చేదాకా ఆగి, రాగానే తిరిగొచ్చే మామూలు రీడ్ ఫంక్షన్ ఒకటి ఇవ్వమని లైబ్రరీ వాళ్లను అడిగింది. దాన్ని ఒక్కో మిల్లు ఇంటర్‌ప్రెటర్ తన సొంత థ్రెడ్‌లోంచే పిలుస్తుంది. పిలిచినంతసేపూ సీటైప్స్ ఆ ఇంటర్‌ప్రెటర్ గిల్‌ను వదిలే ఉంచుతుంది కాబట్టి మిగతా పని ఆగదు. బయటి థ్రెడ్ ఏదీ పైథాన్‌లోకి రాదు.