చెవి ఆపరేషన్‌కి పదేళ్లు ఆగమని ఎందుకంటారు?

చెవి డొప్ప సరిగా ఏర్పడకుండా (దీన్నే మైక్రోషియా అంటారు) పుట్టిన పిల్లల్ని హైదరాబాద్‌లో ఏ ప్లాస్టిక్ సర్జన్‌కి చూపించినా చాలాసార్లు వినపడే మాట ఒకటే, "ఇప్పుడే వద్దమ్మా, ఎనిమిదో పదో ఏళ్లు రానివ్వండి". ఈలోపు ఇంట్లో విచారణ అయిపోతుంది: గ్రహణం నాడు బయటికొచ్చావా, కత్తిపీట ముట్టుకున్నావా అని. నిజానికి చెవి ఆరు చిన్న బుడిపెలుగా మొదలయ్యేది గర్భం ఆరో వారం ప్రాంతంలో, అప్పటికి కడుపుతో ఉన్న సంగతే చాలామందికి ఖాయంగా తెలీదు. మైక్రోషియాకి ఎక్కువ కేసుల్లో కారణం దొరకదు, తల్లి తప్పు అసలే కాదు.

ఇక ఆగమనడం వెనక కథ. తెగిన తమ్మెని చెంప చర్మంతో సరిచేయడం సుశ్రుతుడే రాశాడు గానీ, మొత్తం డొప్ప కావాలంటే లోపల గట్టి చట్రం ఉండాలి. 1920లో బ్రిటన్ సర్జన్ హెరాల్డ్ గిలీస్ పక్కటెముక కార్టిలేజ్‌ని (మెత్తటి ఎముకని) చెక్కి చర్మం కింద పెట్టాడు. తర్వాత తల్లుల కార్టిలేజ్ తీసి పిల్లలకి పెట్టి చూశాడు, అది మెల్లగా కరిగిపోయింది. 1959లో అమెరికాలో టాంజర్ అనే సర్జన్ బిడ్డ సొంత పక్కటెముకతో చేసిన చెవి నిలబడింది. అప్పట్నుంచీ లెక్కంతా పక్కటెముకదే: బిడ్డ ఛాతీలో సరిపడా కార్టిలేజ్ పెరగాలి. అమెరికా సర్జన్ బ్రెంట్ పిల్లలకి ఆరేళ్లు రాగానే మొదలుపెట్టి మూడు నాలుగు విడతల్లో చేసేవాడు, జపాన్‌లో నగాటా 1993లో రెండు విడతలకి తగ్గించాడు గానీ దానికి కార్టిలేజ్ ఎక్కువ కావాలి, అందుకే పదేళ్లు, ఛాతీ చుట్టుకొలత 60 సెంటీమీటర్లు అని పెట్టాడు.

పని చూస్తే కంసాలి పనే. బాగున్న చెవి మీద పారదర్శకమైన ఫిల్మ్ పెట్టి గీతలు గీసుకుని, దాన్ని తిరగేసి నమూనాగా వాడతారు. కార్టిలేజ్ ముక్కల్ని ఆ ప్రకారం చెక్కి సన్నటి స్టీలు తీగతో కుట్టి చర్మం కింద దూరుస్తారు, చర్మం కింది గాలిని బయటికి లాగే సన్నటి గొట్టం పెడితే చర్మం ఆ మడతల్లోకి అతుక్కుంటుంది. కొన్ని నెలలయ్యాక రెండో విడతలో చెవిని తల నుంచి పైకి లేపుతారు.

ఇంత ఆగడమెందుకని అడ్డదారులూ వెతికారు. 1966లో క్రోనిన్ అనే సర్జన్ పెట్టిన సిలికాన్ చట్రాలు చాలామందికి చర్మం చీల్చుకుని బయటికొచ్చేశాయి. 1991 నుంచి అమెరికా సర్జన్ రైనిష్ రంధ్రాలున్న ప్లాస్టిక్ చట్రాన్ని కణత దగ్గరి పలుచటి పొరతో కప్పి మూడేళ్ల పిల్లలకే చేస్తూ వచ్చాడు, పక్కటెముక జోలికి పోనక్కర్లేదు, కాకపోతే దెబ్బ తగిలితే చట్రం విరగడం, బయటపడడం అనే భయం జీవితాంతం ఉంటుంది. 2018లో చైనాలో ఐదుగురు పిల్లలకి సొంత కణాలతో పెంచిన చెవులు పెట్టామని ప్రకటించారు, 2022లో అమెరికాలో త్రీడీ ప్రింట్ చెవి పెట్టారు. వార్తల్లో అద్భుతంగా ఉంటాయి, ఇవి ఇంకా మామూలు వైద్యం కాలేదు.

నాకు కోపం తెప్పించేది వేరే. ఆగాల్సింది ఆకారం కోసం, వినికిడి కోసం కాదు, కానీ ఇళ్లలో రెండూ కలిపేసి పదేళ్లు కూర్చుంటారు. చెవి రంధ్రం మూసుకుపోయినా లోపలి చెవి చాలామందికి బాగానే ఉంటుంది. పుట్టిన కొత్తలోనే కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికో ఇంకో చోటికో వెళ్లి బెరా టెస్ట్ (శబ్దానికి మెదడు స్పందనని కొలిచే వినికిడి పరీక్ష) చేయించండి, ముఖ్యంగా రెండు చెవులూ లేకపోతే ఒక్క నెల కూడా ఆలస్యం చేయొద్దు. ఎముక ద్వారా శబ్దం పంపే మిషన్‌ని తలకి మెత్తటి బ్యాండుతో కట్టొచ్చు, నెలల పిల్లలకైనా సరే, ఆపరేషన్ అక్కర్లేదు.