బొమ్మ సరే, కాలి నంబరు చూశారా?

బ్రాడీపేట,
గుంటూరు.

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, మీ అమ్మమ్మా క్షేమం. అక్కడ మీరూ, మీతో కలిసి నీళ్ల ట్యాంకు మోటారు కోసం ఆ సర్క్యూట్ బోర్డు చేస్తున్న స్నేహితులూ క్షేమమని తలుస్తాను. మొన్న వీడియో కాల్‌లో బుజ్జిది అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "తాతయ్యా, సర్క్యూట్ గీసే కీక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో మా సెన్సర్ బొమ్మ దొరకడం లేదు. ఏదో ఒక నాలుగు కాళ్ల బొమ్మ పెట్టేస్తే సరిపోతుందా?" అంది. ఒకోసారి సరిపోతుంది, ఒకోసారి కొంప ముంచుతుంది. ఎప్పుడు ఏదన్నది ఫోనులో తేలే సంగతి కాదు. అందుకే కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను.

వేసవిలో మీరు వచ్చినప్పుడు మన పోస్టు కవరు మీద "4/14, బ్రాడీపేట" అని చూసి అదేదో భిన్నం అనుకున్నారు, గుర్తుందా? నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని అప్పుడు చెప్పాను. ఇంటి గేటు మీద ఎంత అందమైన పేరు చెక్కించుకున్నా పోస్టుమాన్ వచ్చేది ఆ అంకెలు పట్టుకునే. సర్క్యూట్ బొమ్మలోనూ ఇదే లెక్క. ఒక్కో భాగానికి పెట్టే బొమ్మను సింబల్ అంటాం. అందులో ప్రతి పిన్నుకూ, అంటే కాలికీ, ఒక పేరు, ఒక నంబరు ఉంటాయి. పేరు మనం చదువుకోవడానికి. నంబరు సాఫ్ట్‌వేర్‌కు. మీరు వైరు గీసి బోర్డు తయారీకి వెళ్లగానే కీక్యాడ్ పేరు వైపు కన్నెత్తి చూడదు. సింబల్‌లో 3వ నంబరు పిన్నుకు తగిలించిన తీగను తీసుకెళ్లి ఫుట్‌ప్రింట్‌లో 3వ నంబరు ప్యాడ్‌కు కలుపుతుంది. ఫుట్‌ప్రింట్ అంటే మీకు తెలుసుగా, బోర్డు మీద ఆ భాగం కూర్చునే చిల్లులూ, రాగి మచ్చలూ. అంటే సింబల్ అనేది భాగానికి తీసిన ఫొటో కాదు. "ఈ పని చేసే కాలు ఫలానా నంబరుది" అని బోర్డుకు మనం ఇచ్చే మాట. మాట తప్పితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

దుకాణం మూసేసే ముందు సంవత్సరం పొలం మోటారు స్టార్టర్ల కోసం ఒక చిన్న బోర్డు గీశాను. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే 12 వోల్టుల రిలే, దాన్ని నడపడానికి ఒక బీసీ547 ట్రాన్సిస్టర్. గీసేటప్పుడు బీసీ547 అని వెతకలేదు. దాని రకం పేరు పెట్టి ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్ అని కొడితే ముందు వచ్చినదాన్ని తీసి పెట్టేశాను. బాణం గుర్తు సరిగ్గానే ఉంది, బేస్ ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ సింబల్‌లో మూడు కాళ్ల నంబర్లు ఇవి: 1 ఎమిటర్, 2 బేస్, 3 కలెక్టర్. బీసీ547ను చదును వైపు మన ముఖానికి పెట్టి, కాళ్లు కిందికి ఉంచి చూస్తే ఎడమ నుంచి కుడికి కలెక్టర్, బేస్, ఎమిటర్ వస్తాయి. 2ఎన్3904 అయితే సరిగ్గా దానికి తిరగేసి ఉంటుంది: ఎమిటర్, బేస్, కలెక్టర్. రెండూ ఎన్‌పీఎన్‌లే, రెండూ అదే నల్ల టోపీలో వస్తాయి. 25 బోర్డులు చేయించాను.

బోర్డులు పూర్తిగా చచ్చిపోయి ఉంటే ఒక్క గంటలో పట్టుకునేవాణ్ని. అలా జరగలేదు. కలెక్టరూ ఎమిటరూ తారుమారైనా ట్రాన్సిస్టర్ ఎంతో కొంత పనిచేస్తుంది, కాకపోతే కరెంటును పెంచే బలం బాగా పడిపోతుంది. రిలేకి కావలసిన కరెంటు అంచుల దాకా వచ్చి ఆగిపోతుంది. పైగా బీసీ547లో ఎమిటర్, బేస్ మధ్య ఎదురు వోల్టేజి 6 వోల్టులకు మించకూడదని డేటాషీట్, అంటే తయారుచేసిన కంపెనీ ఇచ్చే వివరాల పత్రం, చెబుతుంది. నా బోర్డులో అక్కడ 12 పడుతోంది. అందుకని ఆపేయమన్నప్పుడు కూడా కొంత కరెంటు దొంగదారిన పారుతోంది. ఒక బోర్డులో రిలే టక్కుమని పట్టేది, పక్క బోర్డులో పట్టేది కాదు. పొద్దున పట్టింది మధ్యాహ్నానికి మొరాయించేది. రిలేలు మార్చాను, రెసిస్టర్లు మార్చాను, అడాప్టర్‌ను అనుమానించాను. రెండు రాత్రులు అలా పోయాయి. తెర మీద సర్క్యూట్‌ను ఎన్నిసార్లు చూసినా తప్పు కనబడదు, ఎందుకంటే బొమ్మలో తప్పు లేదు. మూడో రోజు మీ అమ్మమ్మ కాఫీ తెచ్చి పెట్టిన వేళకు డేటాషీట్ తెరిచి కాళ్ల నంబర్లు వేలితో ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను. అప్పుడు దొరికింది. ట్రాన్సిస్టర్లన్నీ పీకి, చదును వైపు తిప్పి మళ్లీ సోల్డరింగ్ చేస్తే బోర్డులు బాగుపడ్డాయి. కానీ ఆ బోర్డు మీద అచ్చయిన గుర్తు ఒకలా, ట్రాన్సిస్టర్ కూర్చున్న తీరు ఇంకోలా ఉండిపోయాయి. రేపు ఎవరైనా రిపేరుకు తీసి గుర్తు ప్రకారం పెడితే మళ్లీ అదే తంటా. అది ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉంది.

అందుకే చెబుతున్నాను, వెతకడంలో తొందరపడకండి. సర్క్యూట్ గీసే షీటు మీద ఉండగా కీబోర్డు మీద "ఏ" నొక్కితే సింబళ్ల పట్టిక తెరుచుకుంటుంది. పైన ఖాళీ గడిలో భాగం పేరు కొట్టాలి. టైమర్ చిప్పు మీద ఎన్‌ఈ555పి అని ఉంటే మొత్తం కొట్టి, దొరకలేదని దిగులుపడొద్దు. ముందున్న అక్షరాలు ఎక్కువగా తయారుచేసిన కంపెనీ అలవాటు, చివరి అక్షరం చాలాసార్లు ప్యాకేజీ రకం. నడుమనున్న 555 అసలు పేరు. తలా తోకా తీసేసి 555 అని కొట్టండి, వరసగా కనిపిస్తాయి. 5 వోల్టులు ఇచ్చే రెగ్యులేటర్ 7805కి కూడా అంతే. పేరు తెలియకపోతే పని చెప్పండి: టైమర్, రిలే, సెన్సర్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా వెతుకుతుంది, ఎందుకంటే ప్రతి సింబల్‌కూ ఉన్న చిన్న వివరణనూ అది చదువుతుంది. మామూలు రెసిస్టర్‌కు "ఆర్" చాలు. దీర్ఘచతురస్రం వస్తుంది. మీ పాఠ్యపుస్తకంలోలా వంకర గీత కావాలంటే "ఆర్" పక్కన "యూఎస్" ఉన్నది తీసుకోండి. రెండూ ఒకటే, దేశాల అలవాటు వేరు. కానీ ఒకే షీటులో రెండూ కలపొద్దు, చూసేవాళ్లు తికమక పడతారు.

దొరికిందాన్ని ఒక్కసారి అనుమానంగా చూడండి. 7805లో 1 ఇన్‌పుట్, 2 గ్రౌండ్, 3 అవుట్‌పుట్. 7905లో 1 గ్రౌండ్, 2 ఇన్‌పుట్, 3 అవుట్‌పుట్. ఒకటి ప్లస్ వోల్టేజికి, ఇంకొకటి మైనస్ వోల్టేజికి. "అన్నదమ్ములే కదా" అని ఒకదాని బొమ్మ ఇంకొకదానికి వాడారో, పొగ చూస్తారు. నెట్‌లో ఉచితంగా దొరికే సింబళ్లు దించుకోవచ్చు, నేనూ దించుకుంటాను. కానీ వాటి ప్రతి కాలినీ డేటాషీట్‌తో పోల్చకుండా షీటులో పెట్టను.

ఇక బుజ్జిదాని సెన్సర్. హెచ్‌సీ ఎస్‌ఆర్04, శబ్ద తరంగాలతో దూరం కొలిచేది, ముందు రెండు కళ్లలాంటి డబ్బాలు ఉండేది. అది మీ వెర్షన్‌లో దొరక్కపోవడం మంచిదే అయింది. మొదటి సింబల్ గీయడానికి ఇంతకన్నా తేలికైనది ఉండదు. నాలుగే కాళ్లు. కళ్లు మీ వైపు, కాళ్లు కిందికి పెట్టి చూస్తే ఎడమ నుంచి వీసీసీ (కరెంటు ఇచ్చే కాలు), ట్రిగ్ (కొలవమని చెప్పేది), ఎకో (జవాబు వచ్చేది), గ్రౌండ్. సెన్సర్ మీదే అచ్చువేసి ఉంటుంది, కళ్లతో చూసి రాసుకోండి.

సింబల్ ఎడిటర్ తెరిచి ముందు మీ సొంత లైబ్రరీ ఒకటి పెట్టుకోండి. గ్లోబలా, ప్రాజెక్టా అని అడుగుతుంది. ఇప్పటికి ప్రాజెక్టు అనండి. అప్పుడు ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి స్నేహితుడికిచ్చినా సింబల్ దానితోపాటే వెళుతుంది. తర్వాత కొత్త సింబల్, దానికి పేరు, షీటులో భాగం నంబరు ముందు వచ్చే "యూ" అనే అక్షరం. ఒక పెట్టె గీసి, "పి" నొక్కుతూ నాలుగు పిన్నులు పెట్టాలి. ఎడమ పక్కన ట్రిగ్, కుడి పక్కన ఎకో, పైన వీసీసీ, కింద గ్రౌండ్. అసలు సెన్సర్‌లో కాళ్లు వరసగా ఉంటే బొమ్మలో ఇలా చెల్లాచెదురుగా ఎందుకంటారా? సర్క్యూట్‌ను మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం. లోపలికి వెళ్లేది ఎడమన, బయటికొచ్చేది కుడిన ఉంటే కథ దానంతటదే అర్థమవుతుంది. నంబర్లు మాత్రం అసలు కాళ్లవే: 1, 2, 3, 4. కనెక్టర్లకు మాత్రం కాళ్లు ఉన్న వరసలోనే గీయడం మేలని నా అభిప్రాయం, వైరు బిగించేవాడు వాటిని అలాగే చూస్తాడు కాబట్టి.

సంక్రాంతికి మీ అమ్మమ్మ చుక్కల ముగ్గు వేయడం చూశారుగా. చుక్క మీదుగా వెళ్లాల్సిన గీత వెంట్రుకవాసి పక్కకు పోయినా ముగ్గు కుదరదు. కీక్యాడ్ తెర మీద చుక్కలూ అంతే. చుక్కకూ చుక్కకూ మధ్య 50 మిల్స్ ఉంచండి. అంగుళంలో వెయ్యో వంతు ఒక మిల్, అంటే ఈ దూరం 1.27 మిల్లీమీటర్లు. అందంగా కనబడాలని దాన్ని చిన్నది చేసి పిన్ను పెడితే, షీటులో వైరు దాని దాకా వచ్చి తగిలినట్టే కనబడుతుంది, కానీ తగలదు. ఇంకొకటి: పిన్ను ఒక చివర చిన్న సున్నా ఉంటుంది. వైరు పట్టుకునేది అక్కడే. ఆ సున్నా పెట్టె బయటికి ఉండాలి. మొదటిసారి గీసే ప్రతివాళ్లూ ఒక్క పిన్నయినా తిరగేసి పెడతారు, కంగారు పడొద్దు. "ఆర్" నొక్కితే తిరుగుతుంది.

ఆ తర్వాత ప్రతి పిన్ను రకం అడుగుతుంది. బద్ధకించి అన్నిటికీ పాసివ్, అంటే ఇన్‌పుట్టూ అవుట్‌పుట్టూ కాని మామూలు కాలు, అని పెట్టేయాలనిపిస్తుంది. పెట్టొద్దు. ట్రిగ్ ఇన్‌పుట్, ఎకో అవుట్‌పుట్, వీసీసీ, గ్రౌండ్ రెండూ పవర్ ఇన్‌పుట్. ఇలా నిజం చెబితే, చివర్లో ఈఆర్‌సీ అనే తనిఖీ నడిపినప్పుడు అది మీకు కాపలా కాస్తుంది. ఎకోను పొరపాటున ఇంకో అవుట్‌పుట్‌కు కలిపితే అరుస్తుంది. అన్నీ పాసివ్ అన్నారనుకోండి, అది నోరెత్తదు. తప్పులు లేవని కాదు, మీరే దాని నోరు కట్టేశారు. అయితే ఒక కేకకు భయపడొద్దు. అడాప్టర్ నుంచి 12 వోల్టులు స్క్రూ టెర్మినల్ ద్వారా 7805కి వస్తాయి కదా. టెర్మినల్ పాసివ్, 7805 ఇన్‌పుట్ కాలు పవర్ ఇన్‌పుట్. "ఈ పవర్ కాలిని ఎవరూ నడపడం లేదు" అంటుంది. బయట అడాప్టర్ ఉందని దానికి తెలియదు పాపం. ఆ 12 వోల్టుల తీగ మీదా, గ్రౌండ్ మీదా పవర్ ఫ్లాగ్ అనే సింబల్ పెడితే ఊరుకుంటుంది.

గీయడం అయ్యాక సెన్సర్‌కు నాలుగు చిల్లుల ఫుట్‌ప్రింట్ తగిలించండి, చిల్లుకూ చిల్లుకూ మధ్య 2.54 మిల్లీమీటర్లు. చతురస్రంగా ఉన్న ప్యాడ్ 1వది. సెన్సర్ కళ్లు బోర్డు ఏ వైపుకు చూడాలో ముందే నిర్ణయించుకోండి. వెనక్కి తిరిగితే వరస మొత్తం తారుమారవుతుంది.

రిలే విషయంలో మరీ జాగ్రత్త. చాలా రిలే డేటాషీట్లలో కాళ్ల బొమ్మను కింది నుంచి చూసినట్టు వేస్తారు, మనం బోర్డును పై నుంచి గీస్తాం. బొమ్మ పక్కన "బాటమ్ వ్యూ" అన్న మాట ఉందేమో చూడండి. ఆపైన మల్టీమీటరు పెట్టి సరిచూడండి: కాయిల్ రెండు కాళ్ల మధ్య 12 వోల్టుల చిన్న రిలేకి కొన్ని వందల ఓములు చూపిస్తుంది. కరెంటు ఇవ్వకముందే ఏ రెండు కాళ్లు కలిసి మీటరు కూస్తుందో అవి కామన్, ఎన్‌సీ (మామూలుగా కలిసి ఉండే కాలు). ఇదంతా రిలే చేతిలో ఉన్నప్పుడే, కరెంటుకు తగిలించకుండా. 230 వోల్టుల మోటారు వైపు మాత్రం మీ నాన్న పక్కన లేకుండా ముట్టుకోవద్దు. ఇది నా ఆజ్ఞ అనుకోండి.

ఒక చిక్కు ముందే చెప్పి పెడతాను. లైబ్రరీలో సింబల్ సరిచేసినంత మాత్రాన షీటులో ఇదివరకే పెట్టినది మారదు, షీటు తన కాపీ తాను దాచుకుంటుంది. "లైబ్రరీ నుంచి సింబళ్లను అప్‌డేట్ చేయి" అన్నది మీరే నడపాలి. పెద్దోడు ఒకసారి సరిచేశాననుకుని పాత తప్పుతోనే ముందుకెళ్లేవాడు, నేను చూశాను కాబట్టి సరిపోయింది.

మా రోజుల్లో ఈ బొమ్మలు ప్లాస్టిక్ స్టెన్సిల్ పెట్టి ట్రేసింగ్ పేపరు మీద గీసేవాళ్లం. తప్పయితే బ్లేడుతో గీకి మళ్లీ గీయాలి. 1992లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో పాఠాలు చెప్పే జాఁ పియెర్ షరాస్ అనే ఆయన కీక్యాడ్ మొదలుపెట్టారు. 2013 నుంచి యూరప్‌లోని పెద్ద భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ వాళ్లూ చేయి వేశారు. మన ఐఐటీ బొంబాయి వాళ్ల ఈసిమ్ అనే సర్క్యూట్ సాఫ్ట్‌వేర్‌లో కూడా సర్క్యూట్ గీసే భాగం కీక్యాడే. ఇంతమంది గీసి పెట్టిన వేల సింబళ్లు ఒక్క రూపాయి ఇవ్వకుండా మీ చేతికొస్తున్నాయి. గుంటూరు కుర్రాడికి అప్పట్లో ఇది దొరికి ఉంటే ఎంత బాగుండేదో అని చాలాసార్లు అనిపిస్తుంది. మీకు దొరికింది, నాకు చాలా సంతోషంగా ఉంది.

సెన్సర్ సింబల్ గీశాక ఆ ఫైలు నాకు పంపండి. దానితోపాటు రిలే కాళ్లకు మీటరు ఏం చూపించిందో ఒక కాగితం మీద రాసి ఫొటో తీసి పెట్టండి. ట్రాన్సిస్టర్ బీసీ547 కొన్నారో, వేరేది కొన్నారో అది కూడా రాయండి. ఆదివారం సాయంత్రం ఫోను చేస్తాను, అప్పటికి డేటాషీట్ తెరిచి ఉంచండి.

ఇట్లు,
మీ తాతయ్య