తక్కువ తిరిగిన స్నోమొబైల్ అంటే మంచి స్నోమొబైల్ అనుకోవద్దు: అపోహలు - వాస్తవాలు

స్నోమొబైల్ అంటే ముందు స్కీలు, వెనక రబ్బరు ట్రాక్‌తో మంచు మీద నడిచే మోటారు బండి, మేం స్లెడ్ అంటాం. తొలి మంచు పడే రోజులు దగ్గరకొస్తే చాలు, నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "పదిహేనేళ్ల కిందట నడిపేవాణ్ణండీ, తర్వాత పిల్లలు, ఉద్యోగం, మానేశాను. మళ్లీ మొదలెడదామని ఒక సెకండ్ హ్యాండ్ స్లెడ్ చూశాను. పాతదే గానీ వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగలేదు. కళ్లు మూసుకుని తీసుకోవచ్చు కదా?" ఆ చివరి మాట వినగానే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఈ బండ్లు బాగుచేసే పనిలో ఇన్నేళ్లుగా చూస్తున్నాను, తిరిగి ఈ సరదాలోకి వచ్చేవాళ్ల జేబుకు అన్నిటికన్నా పెద్ద చిల్లు పెట్టేది ఈ ఒక్క నమ్మకమే. అందుకే ఈ పోస్టులో సగం దాని మీదే ఉంటుంది.

అపోహ: తక్కువ తిరిగింది కాబట్టి ఇంజన్ కొత్తదానిలా ఉంటుంది.

కారు విషయంలో ఈ లెక్క కొంతవరకు పనిచేస్తుంది, టూ-స్ట్రోక్ స్లెడ్ దగ్గర పనిచేయదు. కారు ఇంజన్‌కి అడుగున ఆయిల్ నిలవ ఉంటుంది. టూ-స్ట్రోక్‌కి అలాంటిదేమీ లేదు, పెట్రోల్‌తో పాటు లోపలికి వచ్చే కాస్త ఆయిలే క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) బేరింగులకు దిక్కు. బండి ఆగిపోయి నెలలు గడిస్తే ఆ పొర కిందికి జారిపోతుంది, షెడ్డులో వేడి చలి మారుతున్నకొద్దీ లోపల చెమ్మ పడుతుంది, బేరింగు బంతుల మీద సన్నగా తుప్పు మొదలవుతుంది. సీజన్ చివర ఇంజన్ లోపల ఆయిల్ పొర పట్టించే ఫాగింగ్ ఆయిల్ కొట్టమని మేం మొత్తుకునేది అందుకే. స్కీ-డూ కంపెనీ బండ్లలో వచ్చే ఈ-టెక్ లాంటి ఇంజన్లలో ఆ పని ఇంజనే చేసుకునే స్టోరేజ్ మోడ్ ఉంది, కానీ ఎవరో ఒకరు దాన్ని మొదలుపెట్టాలి కదా. పదేళ్లు మూలన పడి ఉన్న బండికి ఎవరు చేశారు?

బేరింగు ఒక్కటే అయితే ఇంత చెప్పను. గాలి చొరబడకుండా ఆపే క్రాంక్ సీళ్లు ఎండిపోతాయి. కార్బ్యురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరు బూట్లు పగులుతాయి, ఆ పగుళ్లలోంచి లెక్కలో లేని గాలి లోపలికి దూరుతుంది. ట్యాంకులో మిగిలిన ఇథనాల్ పెట్రోల్ నీటిని పీల్చుకుంటుంది. కార్బ్యురేటర్ గిన్నెలో మిగిలింది ఆవిరైపోయి జిగురులా అడుగంటుతుంది. పెట్రోల్ వదిలే పైలట్ జెట్ రంధ్రం సుమారు అర మిల్లీమీటరే ఉంటుంది, అది మూసుకుపోవడానికి ఎంత జిగురు కావాలి? ఏ దారిన జరిగినా ఫలితం ఒకటే. గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ, అంటే లీన్. లోపలికొచ్చే పెట్రోలే పిస్టన్‌ని కొంత చల్లబరుస్తుంది, అది తగ్గితే పిస్టన్ మీద అల్యూమినియం కరుగుతుంది. బండి ఇంటి చుట్టూ రెండు రౌండ్లు బాగానే తిరుగుతుంది. పొడవాటి దారిలో యాక్సిలరేటర్ గట్టిగా నొక్కి పట్టుకున్నప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

ఒకాయన నా దగ్గరికి అలాంటి బండే తెచ్చారు. సీటు మీద గీత లేదు, ప్లాస్టిక్ మెరిసిపోతోంది. కొని రెండు రోజులైంది, ముప్పై కిలోమీటర్లు నడిపారు, గడ్డకట్టిన చెరువు మీద ఆగిపోయింది. విప్పి చూస్తే ఒక పిస్టన్ శుభ్రంగా ఉంది, రెండోదాని అంచు కరిగి కారిపోయింది. ఆ వైపు కార్బ్యురేటర్ మెయిన్ జెట్ జిగురుతో సగం మూసుకుపోయి ఉంది, ఇంజన్‌కి గాలి వెళ్లే ఎయిర్ బాక్సులో ఎలుక గూడు. ఆయన కుర్చీలో కూర్చుని "నేనే తొందరపడ్డానా అండీ?" అని అడిగారు. లేదండీ, మీ తప్పు కాదు అన్నాను, ఇప్పటికీ అదే అంటాను. అమ్మినవాళ్లు కూడా మోసం చేయలేదు. ఎప్పుడో షెడ్డులో పెట్టి మర్చిపోయారు, బ్యాటరీ మార్చి స్టార్ట్ చేస్తే తిరిగింది, బాగుందనే నమ్మారు. ఇద్దరూ మీటరు మీద అంకెనే చూశారు, అంతే.

ఆ అంకెనైనా పూర్తిగా నమ్మలేం. పాత బండ్లలో స్పీడోమీటర్ కేబుల్ తెగితే మీటరు ఆగిపోతుంది, బండి తిరుగుతూనే ఉంటుంది. కొన్నిటికి మీటరే మార్చి ఉంటారు. కాళ్లు పెట్టే చోట రంగు అరిగిందా, హైఫాక్స్ (ట్రాక్ జారే ప్లాస్టిక్ పట్టీలు) ఎంత మిగిలింది, బోగీ వీల్స్ (ట్రాక్ లోపల తిరిగే చిన్న చక్రాలు) రబ్బరు ఎలా ఉంది, సస్పెన్షన్ కీళ్లలో ఆట, అంటే వదులు ఉందా చూడండి. మీటరు ఒకటి చెప్పి ఇవి ఇంకొకటి చెబితే వీటినే నమ్మండి.

మరి తక్కువ తిరిగినవన్నీ వదిలేయాలా? అక్కర్లేదు. అడగాల్సిన ప్రశ్న మాత్రం మారాలి. ఎంత తిరిగింది అని కాదు, తిరగనప్పుడు ఎలా ఉంచారు అని అడగండి. ప్రతి ఏటా ఫాగింగ్ చేశారా, పెట్రోల్ తీసేశారా లేక అది చెడిపోకుండా స్టెబిలైజర్ కలిపారా, ఏ శీతాకాలమైనా బయటికి తీయకుండా వదిలేశారా? జవాబు సరిగ్గా రాకపోతే కార్బ్యురేటర్లు, రబ్బరు బూట్లు, పెట్రోల్ పైపులు, క్రాంక్ సీళ్లు, బెల్టు అన్నీ మార్చాల్సిందే అనుకుని ధర మాట్లాడండి. నన్నడిగితే ఏటా నడిపి, ఏటా చూసుకుని, రసీదులు దాచిన పది వేల కిలోమీటర్ల బండినే ముందు చూస్తాను.

అపోహ: స్టార్టర్ తాడు ఒక్క గుంజుకే స్టార్ట్ అయింది, ఇంక భయం లేదు.

మీరు వచ్చేసరికి బండి వేడిగా ఉందా? వేడి ఇంజన్ అరిగిపోయినా స్టార్ట్ అవుతుంది. నేను వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి, వెళ్లగానే ఎగ్జాస్ట్ పైపు మీద చెయ్యి పెట్టి చూడండి. తర్వాత సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి పట్టుకుని తాడు గుంజండి. గేజిని బట్టి, మీరున్న ఎత్తుని బట్టి అంకె మారుతుంది కాబట్టి ఎంత వచ్చిందని కంగారు పడొద్దు, సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటిందా లేదా అన్నదే ముఖ్యం. ప్లగ్గులు పక్కపక్కన పెట్టి చూడండి, వాటి మీద వెండి రంగు చుక్కలుంటే అది పిస్టన్ అల్యూమినియమే. వీలైతే ఎగ్జాస్ట్ పైపు విప్పి పోర్టులోంచి టార్చి వేయండి, పిస్టన్ మీద నిలువు గీతలు కళ్లకే కనిపిస్తాయి. కానీ కంప్రెషన్ బాగున్నంత మాత్రాన క్రాంక్ సీళ్లు బాగున్నట్టు కాదు. దానికి ఇంజన్‌లో 6, 7 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి నింపి నిలుస్తుందో లేదో చూడాలి, మెకానిక్ చేత చేయించండి. ఇదంతా చూడనివ్వని మనిషి దగ్గర కొనొద్దు, వచ్చేయండి.

అపోహ: ఇంజన్ ఈమధ్యే రీబిల్డ్ చేశారు, కాబట్టి మేలు.

ఎందుకు చేయాల్సి వచ్చింది? కాలిపోయి చేస్తే, కాలడానికి కారణం దొరికిందా? జెట్టు మూసుకుపోయి కాలిన ఇంజన్‌లో కొత్త పిస్టన్ వేసి ఆ జెట్టు ముట్టుకోకపోతే కొత్త పిస్టన్ కూడా కాలుతుంది. పైన పిస్టన్లు మాత్రమే మార్చారా, క్రాంక్ కూడా చేశారా? నోటి మాట కాదు, విడిభాగాల రసీదు చూపించమనండి.

అపోహ: యమహా మానేసింది, ఆ బండ్లు ఇక తుక్కే.

ఈ పుకారు విని విని విసుగొచ్చింది. స్నోమొబైళ్ల నుంచి తప్పుకుంటున్నట్టు యమహా 2023లో ప్రకటించింది, ఉత్తర అమెరికాలో 2025 మోడలే చివరిది, ఇది నిజం. విడిభాగాలు, సర్వీసు కొనసాగిస్తామని కూడా అప్పుడే చెప్పింది. ఆ రెండో సగం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఫోర్-స్ట్రోక్‌కి (కారు ఇంజన్‌లా ఆయిల్ నిలవ ఉండే రకానికి) ఏ పనీ ఉండదన్నది కూడా అంతే. ఆయిల్ మార్చాలి, వాల్వ్ క్లియరెన్స్ చూడాలి, పైగా బరువు. మెత్తటి లోతు మంచులో దిగబడితే లాగేది మీరే.

చాలా ఏళ్ల తర్వాత వచ్చేవాళ్లకు ఇంకో మాట. అప్పట్లో నడిపిన మోడలే కావాలని వెతుకుతారు, ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది, నాకూ ఉంది. కానీ 2003 మోడల్‌గా స్కీ-డూ వాళ్ల రెవ్ అనే బండి వచ్చాక కూర్చునే తీరే మారిపోయింది. పాత బండిలో వెనక్కి కూర్చుని కాళ్లు ముందుకు చాపేవాళ్లం, ఇప్పుడు ముందుకు జరిగి మోకాళ్లు మడిచి కూర్చుంటాం, లేచి నిలబడటం తేలిక. నడుము నొప్పి ఉన్నవాళ్లు రెండూ ఒక్కసారైనా నడిపి చూసి నిర్ణయించుకోండి. పెద్ద ఇంజన్ కోసం పరిగెత్తొద్దు, మళ్లీ చెయ్యి తిరగడానికి 600 సీసీ చాలు.

అపోహ: మంచు పడ్డాకే కొనాలి, లేకపోతే ఏమీ తెలియదు.

పైన చెప్పిన పరీక్షల్లో దేనికీ మంచు అక్కర్లేదు. వేసవిలో అమ్మేవాళ్లకు తొందర ఉండదు, మీకూ ఉండదు, విప్పి చూడటానికి టైం దొరుకుతుంది. వెనక భాగం పైకి లేపి ట్రాక్‌ని చేత్తో తిప్పండి, బేరింగు గరగరమంటే వినిపిస్తుంది, ట్రాక్‌లో విరిగిన రాడ్లు, చిరుగులు కనిపిస్తాయి. క్లచ్‌ని పట్టుకుని పైకీ కిందికీ కదపండి, ఆట ఉందంటే క్రాంక్ బేరింగు మీద అనుమానపడాలి. టన్నెల్ (ట్రాక్ పైన ఉండే లోహపు చట్రం) మీద రివెట్ల చుట్టూ నల్లటి మరకలుంటే అవి వదులయ్యాయని అర్థం, బండి ఎక్కడో గట్టిగా దెబ్బతిని ఉండొచ్చు. ఒక్కటి మాత్రం చేయకండి, నేల మీద లేదా స్టాండు మీద ఎక్కువసేపు ఇంజన్‌తో ట్రాక్ తిప్పొద్దు. హైఫాక్స్‌కి జారుడు ఇచ్చేది మంచే, లిక్విడ్ కూల్డ్ బండ్లలో టన్నెల్ కింది కూలర్లను చల్లబరిచేదీ ట్రాక్ ఎగజిమ్మే ఆ మంచే. అది లేకుండా తిప్పితే హైఫాక్స్ కరుగుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, పాడుచేసింది మీరే అవుతారు.

దూరం ప్రయాణం చేసి చూడటానికి వెళ్లేముందు నాలుగు ఫోటోలు అడగండి: క్లచ్ కవర్ తీసి ఒకటి, హైఫాక్స్ దగ్గరనుంచి ఒకటి, ఎయిర్ బాక్సు లోపల ఒకటి, టన్నెల్ మీద కొట్టిన సీరియల్ నంబరు ఒకటి. ఆ నంబరు కాగితాల్లో ఉన్నదానితో కలవకపోయినా, గీకేసినట్టు ఉన్నా, బండి ఎంత బాగున్నా బయల్దేరకండి.